వీధిని బట్టి ప్రయాణమా, ప్రయాణాన్ని బట్టి వీధా: అమెరికాలో తెగని వాదం

ఇంట్లో పాలు అయిపోతే కారు తీయక తప్పని ఊళ్ళే అమెరికాలో ఎక్కువ. ఇది అక్కడి మనుషుల అలవాటా, ఊరిని కట్టిన తీరు పెట్టిన నిర్బంధమా అన్న ప్రశ్న మీద ప్లానర్లు, ఆర్థికవేత్తలు, ట్రాఫిక్ ఇంజనీర్లు 1950ల నుంచి వాదించుకుంటున్నారు. కోవిడ్‌కు ముందు 2019లో తీసిన జనగణన సంస్థ సర్వే ప్రకారం ఉద్యోగుల్లో సుమారు 76 శాతం ఒంటరిగా కారు నడుపుకుంటూ పనికి వెళ్ళేవారు. బస్సో రైలో ఎక్కేవారు 5 శాతం.

వాదం ఇప్పుడు పరిశోధన పత్రికలు దాటి శాసనసభలకు చేరింది. మినియాపొలిస్ నగరం 2018లో ఆమోదించిన ప్రణాళికతో ఒక స్థలంలో ఒకే ఇల్లు అన్న నిబంధనను తీసేసింది. ఓరెగన్ రాష్ట్రం 2019లో పెద్ద ఊళ్ళన్నిటికీ అలాంటి చట్టమే చేసింది. కాలిఫోర్నియా అయితే పర్యావరణ సమీక్షలో ట్రాఫిక్‌ను కొలిచే కొలబద్దనే మార్చేసింది. ఈ చట్టాలు చేసినవారూ, వాటిని ఎదిరించినవారూ తమ వైపే పరిశోధన ఉందంటున్నారు. ఇద్దరూ పూర్తిగా అబద్ధమాడటం లేదు. చిక్కంతా అక్కడే.

మన వాళ్ళున్న మూడు చోట్లు

తెలుగువారికి బాగా తెలిసిన మూడు ఊళ్ళను పక్కపక్కన పెడితే ప్రశ్న తేటపడుతుంది.

టెక్సస్‌లోని ఫ్రిస్కో జనాభా 2000లో 33,714. 2020 నాటికి 2,00,509. డాలస్‌కు ఉత్తరాన మొక్కజొన్న చేలూ పచ్చిక బయళ్ళూ ఉన్నచోట ఇరవై ఏళ్ళలో ఊరు లేచింది. ఇళ్ళన్నీ కమ్యూనిటీలు. ఒక్కో కమ్యూనిటీకి ఒకటో రెండో ద్వారాలు, లోపల మెలికలు తిరిగి మూసుకుపోయే వీధులు, చుట్టూ ఆరు వరసల రోడ్డు. పెరటి గోడ వెనకే దుకాణాల సముదాయం ఉన్నా, అక్కడికి చేరాలంటే కమ్యూనిటీ ద్వారం దాటి, పెద్ద రోడ్డెక్కి, సిగ్నల్ దగ్గర తిరిగి రావాలి. ఫ్రిస్కోకు డాలస్ ప్రాంతపు డార్ట్ రైలు రాదు, బస్సూ రాదు. కారణం పన్ను లెక్కలో ఉంది. టెక్సస్‌లో స్థానిక అమ్మకపు పన్ను 2 శాతం మించకూడదు. డార్ట్‌లో చేరిన ఊళ్ళు అందులో 1 శాతాన్ని ఆ సంస్థకు ఇవ్వాలి. ఫ్రిస్కో ఆ 1 శాతాన్ని రెండుగా చేసి, తన రెండు అభివృద్ధి సంస్థలకు ఇచ్చుకుంటోంది.

న్యూజెర్సీలో ఎడిసన్, దాన్ని ఆనుకున్న ఐసెలిన్ రెండో రకం. ఓక్ ట్రీ రోడ్డు మీద ఇండియన్ స్టోర్లు, నగల కొట్లు, టిఫిన్ సెంటర్లు వరసగా ఉంటాయి. న్యూయార్క్‌కు నేరుగా రైలుంది. కానీ 1971లో తెరిచిన మెట్రోపార్క్ స్టేషన్‌ను కట్టిందే కారులో వచ్చి రైలెక్కే వారి కోసం. కాబట్టి ఆఫీసుకు రైలు, స్టేషనుకు కారు, పిల్లల కూచిపూడి క్లాసుకు మళ్ళీ కారు.

మూడోది జెర్సీ సిటీ. జర్నల్ స్క్వేర్ దగ్గర పాత్ రైలు దిగి నాలుగడుగులు వేస్తే న్యూఆర్క్ అవెన్యూ మీద మన దుకాణాలు. కార్లు రాకముందే పుట్టిన వీధులు కాబట్టి ఇళ్ళ కింద కొట్లున్నాయి, అడ్డంగా నిలువుగా దారులున్నాయి. కారు లేకుండా బతకడం అక్కడ వింతేమీ కాదు.

ఒకే జీతం, ఒకే కంపెనీ, ఒకే తిండి అలవాట్లున్న కుటుంబాలు ఈ మూడు చోట్లా మూడు రకాలుగా తిరుగుతాయి. దీన్నిబట్టి ఊరే మనిషిని నడిపిస్తుందని తేల్చేయవచ్చా? తొందరపడకూడదు. జెర్సీ సిటీలో ఉండేది ఎక్కువగా కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, పిల్లలు లేనివారు. పిల్లాడు బడికెళ్ళే వయసు రాగానే స్కూల్ డిస్ట్రిక్ట్ ర్యాంకులు చూసి ఎడిసన్‌కో ఫ్రిస్కోకో మారతారు. మారింది ఊరా, సంసారమా? డెబ్బై ఏళ్ళ వాదమంతా ఈ చెట్టు ముందా విత్తు ముందా ప్రశ్నే.

చట్టం గీసిన పటం

ఈ ఊళ్ళు వాటంతటవే ఇలా తయారు కాలేదు. 1916లో న్యూయార్క్ తన మొదటి సమగ్ర జోనింగ్ చట్టం, అంటే ఎక్కడ ఏం కట్టవచ్చో నిర్దేశించే చట్టం, తెచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని బర్కిలీ, విడి ఇళ్ళు తప్ప మరేవీ కట్టకూడని ప్రాంతాలను గీసింది. జాతిని బట్టి ఇళ్ళ స్థలాలను విడదీసే చట్టాలను సుప్రీంకోర్టు 1917లో కొట్టేశాక, స్థలం కనీస విస్తీర్ణం, ఇంటి రకం లాంటి నిబంధనలు ఆ పనినే దొడ్డిదారిన చేశాయి. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ గ్రామం గెలిచిన కేసుతో జోనింగ్‌కు రాజ్యాంగ బలం వచ్చింది. విడి ఇళ్ళ మధ్య లేచే అపార్టుమెంటును ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చింది.

తర్వాత 1934లో మొదలైన గృహరుణ బీమా శివారు ఇళ్ళ వైపు మొగ్గింది. 1956 నాటి చట్టం 41,000 మైళ్ళ అంతర్రాష్ట్ర రహదారులకు 90 శాతం ఖర్చు కేంద్రమే భరిస్తుందంది. ఇల్లు ఒకచోట, కొట్టు ఒకచోట, ఆఫీసు ఒకచోట ఉండాలని చట్టం, వాటి మధ్య రోడ్డు వేయమని మరో చట్టం. ఈ నేపథ్యాన్ని పక్కనపెట్టి అమెరికన్లు శివారును స్వేచ్ఛగా ఎంచుకున్నారనే వాదన సగం నిజం మాత్రమే.

లెక్కల కాలం, సాంద్రత బడి

రాకపోకలు భూవినియోగం నుంచే పుడతాయన్న ఆలోచనను 1954లో రాబర్ట్ మిచెల్, చెస్టర్ రాప్కిన్ పుస్తకరూపంలో పెట్టారు. అప్పుడే డెట్రాయిట్‌లోనూ, తర్వాత షికాగోలోనూ డగ్లస్ కరోల్ నాయకత్వంలో భారీ సర్వేలు జరిగాయి. ఏ ప్రాంతం నుంచి ఎన్ని ప్రయాణాలు బయల్దేరతాయి, ఎక్కడికి చేరతాయి, ఏ వాహనంలో, ఏ దారిలో అని నాలుగు మెట్లలో లెక్కగట్టే పద్ధతి అక్కడ రూపు దిద్దుకుంది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నది దాని వారసులనే. ఆ పద్ధతికి ఒక గుడ్డితనం ఉంది. భూవినియోగాన్ని ముందే రాసిపెట్టిన విధిలా తీసుకుని, దానికి సరిపడా రోడ్డు ఎంతో చెబుతుంది. రోడ్డు వేస్తే భూవినియోగమే మారిపోతుందని 1959లో వాల్టర్ హాన్సెన్ వ్యాసం సూచించినా, రోడ్ల శాఖలు చాలాకాలం ఆ మాట చెవిన పెట్టలేదు.

వాదం వేడెక్కింది 1989లో. ఆస్ట్రేలియా పరిశోధకులు పీటర్ న్యూమన్, జెఫ్రీ కెన్‌వర్తీ ప్రపంచంలోని 32 నగరాలను పోల్చి, జనసాంద్రత తగ్గేకొద్దీ తలసరి పెట్రోలు వాడకం ఎగబాకుతుందని గ్రాఫు గీశారు. హ్యూస్టన్ ఒక కొసన, హాంకాంగ్ మరో కొసన. ఆ ఒక్క బొమ్మ ఎన్ని ప్లానింగ్ క్లాసుల్లో కనబడిందో లెక్కలేదు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గోర్డన్, హ్యారీ రిచర్డ్‌సన్ దాని మీద విరుచుకుపడ్డారు. ఆదాయం, పెట్రోలు ధర తేడాలను సరిగా పట్టించుకోలేదన్నారు. ఉద్యోగాలు కూడా శివారుకు వస్తున్నాయి కాబట్టి ప్రయాణ సమయం పెరగడం లేదన్నారు. మార్కెట్ తన దారి తాను చూసుకుంటుందన్నారు.

ఆ విమర్శలో పస ఉంది. నగరాల సగటులను పోల్చి అందులో ఉండే మనిషి గురించి తీర్పు చెప్పడం ప్రమాదం. అందుకే తరవాతి తరం పేటల స్థాయికి, ఇంటి స్థాయికి దిగింది. 1997లో రాబర్ట్ సెర్వెరో, కారా కాకెల్‌మన్ శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతాన్ని పరిశీలించి మూడు లక్షణాలను ముందుకు తెచ్చారు. జనం ఎంత దట్టంగా ఉన్నారు, ఇళ్ళూ దుకాణాలూ ఆఫీసులూ ఎంత కలిసి ఉన్నాయి, వీధుల అల్లిక ఎలా ఉంది అనేవి ఆ మూడు. తర్వాత మరో రెండు చేరాయి. ఒకటి బస్సు లేదా రైలు ఎంత దూరం, రెండోది మొత్తం నగరప్రాంతంలో ఉద్యోగాలు, దుకాణాలు, బళ్ళు ఎంత అందుబాటులో ఉన్నాయనేది. ఈ చివరిది జాబితాలో ఆలస్యంగా చేరినా బలమైనది. దాని సంగతి తర్వాత.

ఇంతలో ర్యాండల్ క్రేన్ 1996లో ఒక చేదు నిజం గుర్తుచేశారు. గళ్ళుగా వేసిన వీధులు దూరాన్ని తగ్గిస్తాయి, నిజమే. దూరం తగ్గడమంటే ప్రయాణం చవకవడం. చవకైన సరుకు మనిషి ఎక్కువ కొంటాడు. కొట్టు దగ్గరైతే వారానికి ఒకసారి వెళ్ళేవాడు నాలుగుసార్లు కారులోనే వెళ్ళవచ్చు. మొత్తం మైళ్ళు తగ్గుతాయో పెరుగుతాయో కాగితం మీద తేలదు, కొలిచి చూడాలి.

ఇష్టపడి వచ్చారా, వచ్చాక మారారా

ఈ వాదంలో అందరికన్నా గట్టి ప్రశ్న వేసింది ర్యుయిచి కితమురా, పాట్రీషియా మోఖ్తరియన్, లారా లేడె. బే ప్రాంతంలో ఐదు పేటల మీద 1997లో వచ్చిన వారి పరిశోధనలో, మనిషి ప్రయాణాన్ని పేట రూపం కన్నా అతని మనోవైఖరే బాగా వివరించింది. నడక ఇష్టమైనవాడు నడిచే పేటకే చేరతాడు. అక్కడ అతను నడుస్తుంటే ఆ ఘనత పేటకు ఇవ్వడం అన్యాయం కదా!

జవాబు వెతకడానికి సూసన్ హ్యాండీ, షిన్యూ కావ్, మోఖ్తరియన్ 2005లో ఉత్తర కాలిఫోర్నియాలోని ఎనిమిది పేటల్లో ఇళ్ళు మారినవారిని పట్టుకున్నారు. ఒక్క సమయంలో తీసిన చిత్రంలో మనోవైఖరే పైచేయి. కానీ ఇల్లు మారకముందు, మారిన తర్వాత పోల్చి చూస్తే, దుకాణాలూ వసతులూ అందుబాటులోకి వచ్చినవారు కారు నడపడం తగ్గించారు. ఇదే ముగ్గురు 2009లో 38 అధ్యయనాలను సమీక్షించి, ఇష్టాయిష్టాల ప్రభావాన్ని తీసేసినా పేట ప్రభావం దాదాపు అన్నిటిలోనూ మిగిలే ఉందని తేల్చారు. ఎంత మిగిలిందన్న చోట మాత్రం ఏకాభిప్రాయం లేదు.

మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోనథన్ లెవీన్ ప్రశ్ననే తిరగేశారు. 2006 నాటి తన పుస్తకంలో ఆయన వాదన ఇదీ: నడవాలనుకునేవారందరికీ నడిచే పేటలో ఇల్లు దొరుకుతోందా? జోనింగ్ వాటిని కట్టనివ్వకపోతే, ఇష్టం ఉన్నా దొరకనివారు ఎందరో శివారులో ఇరుక్కుపోయి ఉంటారు. అలాంటప్పుడు కొత్తగా కట్టిన పేటకు నడక ఇష్టమైనవారే చేరితే అది విధానం ఓడినట్టు ఎలా అవుతుంది? అట్లాంటాను బోస్టన్‌తో పోల్చిన అధ్యయనంలో, అలాంటి పేట కోరుకున్నవారికి అది దక్కే అవకాశం బోస్టన్‌లోనే ఎక్కువగా కనబడింది. ఈ వాదంలో వచ్చిన మాటలన్నిటిలోకీ ఇదే పదునైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మనిషి స్వభావం మారిందా అన్నది మనస్తత్వ శాస్త్రానికి ముఖ్యం. కారు మైళ్ళు తగ్గాయా అన్నదే ఊరికి ముఖ్యం.

ఇరవై వేల మైళ్ళ కుటుంబం

అంకెల దగ్గరికి వద్దాం. రీడ్ యూయింగ్, సెర్వెరో 2010లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి సగటు కట్టారు. మిగతావన్నీ మారకుండా సాంద్రత మాత్రమే రెట్టింపైతే కారు మైళ్ళు 3 శాతం కూడా తగ్గవని వారి లెక్క. 2017లో మార్క్ స్టీవెన్స్ ఇలాంటి అధ్యయనాలనే మళ్ళీ కలిపి, అనుకూల ఫలితాలే అచ్చయ్యే ధోరణిని సరిచేసి లెక్కిస్తే ఆ తగ్గుదల దాదాపు 14 శాతానికి చేరింది. విచిత్రమేమిటంటే, ఇంత పెద్ద సంఖ్య తేల్చిన స్టీవెన్స్ దీన్ని చిన్నదే అన్నారు. చిన్న సంఖ్య తేల్చినవారు సాంద్రతతో పాటు మిగతావీ కలిపితే ప్రభావం పెద్దదేనన్నారు. మధ్యలో ఆర్థికవేత్తలు గిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ 2018లో సుమారు 5 నుంచి 7 శాతం దగ్గర ఆగారు. జాతీయ పరిశోధన మండలి 2009 నివేదిక 5 నుంచి 12 శాతం అంది. ఉద్యోగాలు ఒకచోట చేరడం, మంచి ప్రజా రవాణా లాంటివన్నీ కలిసొస్తే 25 దాకా వెళ్ళవచ్చంది.

ఏడాదికి 20,000 మైళ్ళు తిరిగే కుటుంబానికి ఈ అంకెలు తగిలిస్తే తేడా కనబడుతుంది. మొదటి లెక్కన 550 మైళ్ళు తగ్గుతాయి. స్టీవెన్స్ లెక్కన 2,800. డ్యురాంటన్, టర్నర్ లెక్కన వెయ్యి నుంచి 1,400. ఒకే దేశం, ఒకే ప్రశ్న, ఐదు రెట్ల తేడా.

అయితే ఈ తగువులో అందరూ ఒప్పుకునే భాగం ఒకటుంది. యూయింగ్, సెర్వెరో పట్టికలో కారు మైళ్ళను ఎక్కువగా కదిలించింది సాంద్రత కాదు, నగరకేంద్రానికి ఎంత దూరం, ఉద్యోగాలు ఎంత అందుబాటు అనేవే. కేంద్రానికి దూరం 10 శాతం తగ్గితే మైళ్ళు 2 శాతానికి పైగా తగ్గుతాయి. నడకకు వచ్చేసరికి వీధుల అల్లికది ముఖ్య పాత్ర. అంటే నగరానికి నలభై మైళ్ళ అవతల కాలిబాటలూ కాఫీ దుకాణాలూ పెట్టి కట్టిన అందమైన టౌన్ సెంటర్ కన్నా, నగరం లోపల ఖాళీగా పడి ఉన్న పాత స్థలంలో కట్టిన మామూలు అపార్టుమెంటు ఎక్కువ మైళ్ళు ఆదా చేస్తుంది. బిల్డర్ల బ్రోచర్లు ఈ మాట చెప్పవు.

వర్జీనియాలోని ఆర్లింగ్టన్ దీనికి నిలబడ్డ సాక్ష్యం. వాషింగ్టన్ మెట్రో లైనును హైవే మధ్యలో వేస్తే చవకయ్యేది. కౌంటీ పట్టుబట్టి దాన్ని పాత బజారు కింద సొరంగంలోకి మళ్ళించింది. రోస్లిన్ నుంచి బాల్‌స్టన్ దాకా ఐదు స్టేషన్ల చుట్టూ ఎత్తైన కట్టడాలకు అనుమతిచ్చి, కొన్ని వీధుల అవతల పాత విడి ఇళ్ళను అలాగే ఉంచింది. రాజధానికి ఆనుకుని ఉండటం దాని అదృష్టం. అదే నమూనాను దూర శివారులో దించి అవే ఫలితాలు ఆశించడం కుదరదు.

వాదం మరచిన పార్కింగ్

పేట రూపం గురించి ఇంత మాట్లాడినవారు చాలాకాలం కారు నిలిపే చోటును లెక్కలోకి తీసుకోలేదు. ఆ లోటు తీర్చినవాడు యూసీఎల్‌ఏ ఆచార్యుడు డొనాల్డ్ షూప్. ఆయన 2005 నాటి పుస్తకం దాదాపు ఒక్క చేతిమీద ఈ రంగాన్ని మలుపు తిప్పింది. అమెరికా ఊళ్ళలో సాధారణమైన నిబంధన ప్రకారం వెయ్యి చదరపు అడుగుల దుకాణానికి నాలుగు కార్ల చోటు చూపాలి. తిరిగే దారితో కలిపి ఒక్కో కారుకు 330 చదరపు అడుగులు పడుతుంది. అంటే వెయ్యి అడుగుల కొట్టుకు 1,320 అడుగుల తారునేల. కొట్టు కన్నా దాని ముందున్న ఖాళీయే పెద్దది. దుకాణాలు ఒకదానికొకటి దూరంగా జరగడం, మధ్య నడవలేకపోవడం అక్కడి నుంచే మొదలు. ఆ స్థలం ఖర్చు సరుకు ధరలో, అద్దెలో కలిసిపోతుంది. నడిచి వచ్చినవాడూ కట్టాల్సిందే.

ఉచిత పార్కింగుకు బదులు ఆ విలువను డబ్బుగా తీసుకునే వీలిస్తే ఏమవుతుందో కాలిఫోర్నియాలో ఎనిమిది సంస్థల్లో షూప్ చూశారు. ఒంటరిగా కారులో వచ్చేవారు 76 శాతం నుంచి 63కి తగ్గారు. ఎవరూ ఇల్లు మారలేదు, ఏ వీధీ మారలేదు.

న్యూజెర్సీ రైలు స్టేషన్ల చుట్టూ ఇళ్ళను పరిశీలించిన డేనియల్ చాట్‌మన్ 2013లో ఇంకో మెలిక బయటపెట్టారు. స్టేషను దగ్గర ఉండేవారు కారు తక్కువ వాడటానికి రైలు కన్నా పార్కింగ్ కొరత, చిన్న ఇళ్ళు, అద్దె ఇళ్ళు, దగ్గర్లో బస్‌స్టాపులే ఎక్కువ కారణమని ఆయన లెక్క. ఇష్టాయిష్టాల చిక్కు లేని సాక్ష్యం 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చింది. అక్కడ తక్కువ ధర ఇళ్ళను లాటరీలో ఇస్తారు, దరఖాస్తుదారులు లెక్కకు మించి ఉంటారు కాబట్టి ఏ భవనం దక్కుతుందో వారి చేతిలో ఉండదు. ఆడమ్ మిలార్డ్‌బాల్ బృందం చూస్తే, పార్కింగ్ ఎక్కువ ఉన్న భవనంలో చోటు దొరికినవారి దగ్గర కార్లూ ఎక్కువే ఉన్నాయి. పార్కింగ్ తక్కువైనంత మాత్రాన ఉద్యోగావకాశాలు దెబ్బతిన్న జాడ కనబడలేదు. లాటరీ కాబట్టి ఇక్కడ నడక ప్రియులు ఏరికోరి చేరారనే వాదన చెల్లదు.

బఫెలో 2017లో, మినియాపొలిస్ 2021లో కనీస పార్కింగ్ నిబంధనలు ఎత్తేశాయి. ప్రధాన ప్రజా రవాణా కూడళ్ళకు అర మైలు లోపు వాటిని విధించకూడదని కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. డెబ్బై ఏళ్ళ వాదంలో ఇంత త్వరగా కాగితం నుంచి చట్టానికి చేరిన ఆలోచన మరొకటి లేదు.

ఇంకా తేలనివి

రోడ్డు మాట మొదటిది. డ్యురాంటన్, టర్నర్ 2011లో చూపినట్టు నగరాల్లో అంతర్రాష్ట్ర రహదారి ఎంత శాతం పెరిగితే వాహన ప్రయాణమూ దాదాపు అంతే పెరుగుతుంది. అలాంటప్పుడు ఒక చేత్తో దట్టమైన పేటలు కడుతూ మరో చేత్తో హైవే వెడల్పు చేస్తే నికరంగా ఏం మిగులుతుంది? కాలిఫోర్నియా 2013 చట్టం, 2020 జూలై నుంచి రాష్ట్రమంతటా అమలై, కొత్త నిర్మాణం వల్ల ట్రాఫిక్ ఎంత ఆలస్యమవుతుందని కాక ఎన్ని కారు మైళ్ళు పుడతాయని అడుగుతోంది. చాలా రాష్ట్రాల్లో పాత ప్రశ్నే నడుస్తోంది.

ధర మాట రెండోది. న్యూయార్క్ 2025 జనవరి 5న మన్‌హాటన్ నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద పగటిపూట 9 డాలర్ల రుసుము మొదలుపెట్టింది. పేటలు మార్చడానికి తరాలు పడుతుంది, ధర రాత్రికి రాత్రి మారుతుంది అంటారు ఆర్థికవేత్తలు. ప్రత్యామ్నాయం లేని చోట ధర పెంచితే పేదవాడే నలుగుతాడు అంటారు ప్లానర్లు. మన్‌హాటన్‌లో ప్రత్యామ్నాయం ఉంది, ఫ్రిస్కోలో లేదు. ఈ రెండు వాదాలూ ఒకదానికొకటి అవసరమే కానీ ఒకే నివేదికలో కలవడం అరుదు.

మూడోది ఇంటి నుంచి పని. 2019లో ఇంటి నుంచి పనిచేసేవారు 6 శాతం లోపు. 2021లో 18 శాతానికి చేరారు. పరిశోధనలో పెద్ద భాగం ఆఫీసు ప్రయాణం చుట్టూ తిరిగింది, నిజానికి మొత్తం ప్రయాణాల్లో దాని వాటా ఐదో వంతు కన్నా తక్కువ. మిగిలినవి బడి, అంగడి, ఆసుపత్రి, గుడి, స్నేహితుల ఇల్లు. వీటికి పేట రూపం ఎంత ముఖ్యమో పాత సర్వేలు సరిగా చెప్పలేవు. బడి విషయం మరీ చిన్నచూపు పడింది. పిల్లల చదువు కోసం ఊరు మారే కుటుంబం ప్రయాణ ఖర్చును అసలు లెక్కలోకే తీసుకోదు.

హైదరాబాదుకు ఈ అంకెలు పనికొస్తాయా

అమెరికా గుణపాఠాల్ని తెలుగు నగరాలకు అంటగట్టే సలహాదారులు ఒక సంగతి మరచిపోతుంటారు. ఈ పరిశోధనలో చాలా భాగం దాదాపు ప్రతి ఇంటికీ కారున్న దేశంలో జరిగింది. అక్కడి సర్వే పట్టికల్లో షేర్ ఆటోకు గడి లేదు, స్కూటీ మీద ముగ్గురు వెళ్ళడానికి గడి లేదు. సాంద్రత మనకు కొత్తగా తెచ్చుకోవాల్సిన వరమూ కాదు. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు లేస్తున్న ఆకాశహర్మ్యాల్లో సాంద్రత అమెరికా శివారును ఎన్నో రెట్లు మించుతుంది. వాటి కింద అంతస్తులకు అంతస్తులు పార్కింగే. గేటు దాటితే ఫుట్‌పాత్ ఉండదు. సాంద్రత ఒక్కటే చాలదని యూయింగ్, సెర్వెరో పట్టిక చెప్పినదానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అమెరికాలోనే దొరకదు.

అరువు తెచ్చుకోదగింది అంకెలను కాదు, అడిగే పద్ధతిని. ఇల్లు మారకముందూ మారాకా ఒకే కుటుంబాన్ని అడగడం, లాటరీలో ఇళ్ళు పొందినవారిని వెంబడించడం మనకూ సాధ్యమే. జంటనగరాల శివార్లలో ప్రభుత్వం లాటరీ తీసి వేల కుటుంబాలకు రెండు పడకగదుల ఇళ్ళు ఇచ్చింది. పని చోటుకు దూరమైన ఆ కుటుంబాలు ఇప్పుడు రోజుకు ఎంత తిరుగుతున్నాయి, ఎంత ఖర్చు పెడుతున్నాయి, ఏ పనులు మానుకున్నాయి? మన విశ్వవిద్యాలయాల్లోని ప్లానింగ్, ఆర్థిక శాఖలు ఈ ప్రశ్నలతో ఆ గడపలు తొక్కాలి.